కరెంటు పెట్టకుండానే దింపేశారేంటి?

"కరెంటు పెట్టకుండానే దింపేశారేంటి మేడమ్, మెషిన్ పాడైందా?"

వాళ్ళ నాన్నని వీల్‌చైర్‌లో బయటికి తీసుకొస్తుంటే ఆ అబ్బాయి నన్ను అడిగిన మొదటి మాట ఇది. లివర్‌లో క్యాన్సర్ గడ్డ, దానికి రేడియేషన్ (కరెంటు పెట్టడం అని అందరూ అనేది దీన్నే), మొత్తం 5 సిట్టింగ్‌లు, ఆ రోజు మూడోది. లోపలికి తీసుకెళ్ళి అప్పటికే నలభై నిమిషాలు, బయట కూర్చున్నవాళ్ళకి లోపల ఏం జరుగుతోందో తెలీదు కదా, తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది, చివరికి నేనొచ్చి "ఇప్పుడు కాదు, ఒక గంటన్నర ఆగి మళ్ళీ చూద్దాం" అనేసరికి పాపం అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. జబ్బు ముదిరిందని చెప్పడానికి మేం తటపటాయిస్తున్నామేమో అనుకున్నాడట, ఆ మాట తర్వాత చెప్పాడు.

అక్కడే నిలబడి రెండు నిమిషాల్లో ఏదో చెప్పా. కానీ రెండు నిమిషాల్లో చెప్పే విషయం కాదిది, పైగా ఇదే ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు చాలామంది. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా. నేను రేడియేషన్ మెషిన్ దగ్గర టెక్నాలజిస్ట్‌ని. గడ్డ ఎక్కడుందో గీసి ఎంత డోస్ వెయ్యాలో నిర్ణయించేది డాక్టరు, కిరణాలు ఏ దిక్కునుంచి ఎలా వెళ్ళాలో లెక్కలు కట్టేది ఫిజిసిస్టు, పేషెంట్‌ని పడుకోబెట్టి రోజూ స్కాన్ తీసి, సరిపోయిందో లేదో చూసి, బటన్ నొక్కేది మేము. లివర్ కేసు ఉన్న రోజు ఆ బటన్ నొక్కడానికి పట్టే టైమ్ రెండు మూడు నిమిషాలే, మిగతా టైమంతా చూడటమే. చూడటమే అసలు ట్రీట్‌మెంట్ అని నేనంటా, ఎందుకంటానో కింద రాస్తా.

ముందు ఒక పని చేయండి. కుడి పక్కన, పక్కటెముకల అంచు కింద అరచెయ్యి పెట్టుకుని ఊపిరి బాగా పీల్చి వదలండి. మీ చేతి కింద పొట్ట కదిలింది కదా, లోపల లివర్ కూడా దాంతోపాటే కిందికి దిగి పైకెక్కింది. ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ అని ఒక కండరాల తెర ఉంటుంది, లివర్ దానికి అంటుకుని ఉంటుంది, ఆ తెర దిగితే ఇదీ దిగాల్సిందే. మామూలుగా ఊపిరి తీసుకుంటేనే చాలామందిలో 1 నుంచి 2 సెంటీమీటర్లు కదులుతుంది, గట్టిగా పీలిస్తే ఇంకా ఎక్కువ. నిమిషానికి ఓ పదిహేనుసార్లు ఊపిరి తీసుకుంటాం అనుకుంటే, పేషెంట్ బల్ల మీద పది నిమిషాలు పడుకునేలోపు ఆ గడ్డ నూటయాభైసార్లు కిందికీ పైకీ ఊగినట్టు. ఎడమవైపు లోబ్‌లో ఉంటే గుండె కొట్టుకోవడం వల్ల కూడా కొంచెం అదురుతుంది. తల, మెడ అయితే మాస్క్ వేసి కదలకుండా పట్టుకోవచ్చు, లివర్‌ని ఎవరు పట్టుకుంటారు?

కదలడం ఒక్కటే అయితే ఎలాగో సరిపెట్టుకునేవాళ్ళం, గడ్డ చుట్టూ బాగా వెడల్పుగా వేసేస్తే ఎటు కదిలినా తగులుతుంది కదా అని. కానీ లివర్ రేడియేషన్‌ని తట్టుకోలేదు. మొత్తం లివర్‌కి రోజుకి 2 గ్రేల (రేడియేషన్ డోస్‌ని కొలిచేది గ్రేల్లోనే) లెక్కన వేసుకుంటూ పోతే 30 గ్రేల దగ్గరే ప్రమాదం మొదలవుతుంది, గడ్డని చంపాలంటే దానికి రెట్టింపు దాకా కావాలి. హద్దు దాటితే వెంటనే ఏమీ తెలీదు, రెండు వారాల నుంచి నాలుగు నెలల లోపు ఎప్పుడో పొట్టలో నీరు చేరుతుంది, లివర్ ఉబ్బుతుంది, రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ అమాంతం పెరుగుతుంది. లివర్ లోపలి చిన్న చిన్న సిరలు మూసుకుపోవడం వల్ల వచ్చే జబ్బు అది, దానికి సరైన మందు లేదు. అందుకే ఎన్నో ఏళ్ళపాటు లివర్‌కి కరెంటు పనికిరాదు అన్న మాట డాక్టర్లలోనే స్థిరపడిపోయింది, ఇప్పటికీ కొంతమంది అలాగే అంటుంటారు.

ఆ మాట మారడానికి కారణం లివర్ స్వభావమే. వెన్నుపాము ఉందనుకోండి, అది చేదతాడు లాంటిది, ఎక్కడో ఒక్కచోట తెగితే మొత్తం పోయినట్టే. లివర్ అలా కాదు, ఒకే పనిని పంచుకుని చేసే వెయ్యిమంది కూలీల్లాగ ఉంటుంది, ఓ రెండొందలమంది పడిపోయినా మిగతావాళ్ళు నెట్టుకొస్తారు. అంటే ఒక ముక్కకి చాలా ఎక్కువ డోస్ వెయ్యొచ్చు, మిగిలిన ముక్కకి తగలకపోతే చాలు. 1980లు, 90లలో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని చేసి చూపించారు. ఇప్పుడు మేము వాడే లెక్కల్లో ఒకటి ఏంటంటే, 3 సిట్టింగ్‌ల ట్రీట్‌మెంట్‌లో గడ్డ కాని లివర్‌లో కనీసం 700 సీసీలకి 15 గ్రేల కంటే తక్కువే అందాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ పద్నాలుగు పదిహేను వందల సీసీలు ఉండొచ్చు గానీ, సిర్రోసిస్‌తో కుంచించుకుపోయిన లివర్‌లో ఆ 700 మిగల్చడానికే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్తా, నాకు ఈ పని ఎందుకు ముఖ్యమో ఈ లెక్కతోనే అర్థమైంది. 4 సెంటీమీటర్ల గుండ్రటి గడ్డ ఉందనుకోండి, దాని ఘనపరిమాణం దాదాపు 33 సీసీలు. ఎక్కడుందో మాకు బాగా తెలుసు, కాబట్టి చుట్టూ 5 మిల్లీమీటర్లు మాత్రమే అదనంగా కలుపుకుందాం అంటే 65 సీసీలు అవుతుంది. అంటే అప్పటికే రెట్టింపు. సరిగ్గా తెలీదు, భద్రం కోసం 10 మిల్లీమీటర్లు కలుపుదాం అంటే 113 సీసీలు. చూశారా, 5 మిల్లీమీటర్ల అనుమానానికి దాదాపు యాభై సీసీల మంచి లివర్‌ని బలిపెట్టాలి. మేము స్క్రీన్ ముందు కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చునేది ఆ 5 మిల్లీమీటర్ల కోసమే.

మరి రోజూ స్కాన్ తీస్తాం కదా, గడ్డ కనిపిస్తుంది కదా, దాని మీద గురిపెట్టి వేసేయొచ్చు కదా అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, చాలామందికి తెలీనిదీ ఇదే. మెషిన్ మీద తీసే స్కాన్‌లో లివర్‌లోని గడ్డ చాలాసార్లు కనిపించదు.

ట్రీట్‌మెంట్ మొదలుపెట్టేముందు లెక్కల కోసం తీసే ప్లానింగ్ సీటీలో కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి మూడు దఫాలుగా తీస్తారు. మంచి లివర్‌కి నూటికి డెబ్భై ఐదు వంతుల రక్తం పోర్టల్ సిర నుంచి వస్తుంది, లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీద బతుకుతుంది. అందుకని మందు ధమనిలో ఉన్న ఆ కాసేపు గడ్డ తెల్లగా మెరుస్తుంది, తర్వాత సిరల్లోకి వచ్చేసరికి చుట్టూ లివర్ తెల్లబడి గడ్డ నల్లగా కనిపిస్తుంది. ఈ మెరిసి ఆరిపోవడం చూసే డాక్టర్లు గుర్తుపడతారు. అవసరమైతే ఎమ్మారై కూడా తీసి రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని గీస్తారు. కానీ ట్రీట్‌మెంట్ గదిలో రోజూ కాంట్రాస్ట్ ఎక్కించం. కాంట్రాస్ట్ లేకపోతే లివరూ గడ్డా రెండూ ఒకే బూడిద రంగు. పైగా మెషిన్ మీది స్కానర్ చుట్టూ తిరగడానికి ఓ నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో పేషెంట్ పదిహేనుసార్లు ఊపిరి తీస్తాడు, దాంతో లివర్ అంచు మసకబారుతుంది, కదులుతున్న మనిషిని ఫోటో తీసినట్టు.

మరి దేన్ని చూసి గురిపెడతాం? గడ్డకి దగ్గరలో ఉండి, గడ్డతోపాటే కదిలే వస్తువు ఏదో ఒకటి కావాలి. అన్నిటికంటే నమ్మకమైనవి గోల్డ్ సీడ్స్. 1 మిల్లీమీటర్ మందం, 3 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవు ఉండే అచ్చమైన బంగారం ముక్కలు, అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో చూసుకుంటూ సూదితో గడ్డలో గానీ పక్కన గానీ పెడతారు. మామూలుగా మూడు పెడతారు, ఒక్కటే ఉంటే లివర్ జరిగిందని తెలుస్తుంది గానీ తిరిగిందని తెలీదు, మూడుంటే పక్కకి ఒరిగినా తెలిసిపోతుంది. పెట్టాక ఓ వారం ఆగి అప్పుడు ప్లానింగ్ సీటీ తీస్తారు, సూది వల్ల వచ్చిన వాపు తగ్గి అవి ఒకచోట కుదురుకోవాలి కాబట్టి. "గడ్డ ఉందని తెలిసి కూడా ఇంకో వారం ఊరికే కూర్చోబెట్టారు" అని బాధపడేవాళ్ళు ఉంటారు, ఊరికే కాదండీ, అందుకు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉండి సూది వేస్తే రక్తం ఆగదేమో అనిపిస్తే మాత్రం పెట్టరు. అంతకుముందు టేస్ (గడ్డకి రక్తం తెచ్చే ధమనిలోకే మందు పంపి దాన్ని మూసే ట్రీట్‌మెంట్) చేయించుకున్నవాళ్ళకి గడ్డలో లిపియోడాల్ అనే నూనె మందు మిగిలిపోయి ఉంటుంది, అది ఏ సీటీలో అయినా తెల్లగా కనిపిస్తుంది, మాకు అది కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఇవేవీ లేకపోతే లివర్ ఆకారాన్నే పట్టుకుని, గడ్డకి దగ్గరగా ఉన్న అంచుని సరిపెట్టుకుంటాం.

ఎముకల్ని చూసి సరిపెట్టేయొచ్చు కదా అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు, వెన్నెముక ఎంత స్పష్టంగా కనిపిస్తుందో కదా అని. వాళ్ళకి నేను చూపించేది ఇదే. స్క్రీన్ మీద ప్లానింగ్ రోజు తీసిన స్కాన్ ఒక రంగులో, ఇవాళ్టిది ఇంకో రంగులో, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండూ కలిసినచోట బూడిద రంగు, కలవని చోట రంగు బయటపడుతుంది. వెన్నెముక సరిపెట్టగానే ఎముకలన్నీ చక్కగా బూడిదగా మారిపోతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ కొంచెం పైకి లివర్ దగ్గరికి వెళ్ళి చూస్తే పై అంచు పొడుగునా ఒక ఊదా రంగు నెలవంక. అంటే ఎముక ఉన్నచోటే ఉంది, లివర్ మాత్రం నిన్నటి చోట లేదు. ఆ నెలవంక మందం కొలిస్తే ఒక్కోసారి 8, 9 మిల్లీమీటర్లు వస్తుంది. రాత్రి నిద్రపట్టక ఊపిరి తీరు మారినా, పొట్ట ఉబ్బినా, భయంతో బిగుసుకున్నా అంతే. ఎముకని నమ్మి బటన్ నొక్కితే గడ్డ అంచుకి తగలాల్సింది తగలదు, తగలకూడనిచోట తగులుతుంది. మామూలు రేడియేషన్‌లో రోజుకి 2 గ్రేలు, ముప్ఫై రోజులు కాబట్టి ఒకరోజు పొరపాటు కొంత సర్దుకుంటుంది. ఇందులో ఒక్క సిట్టింగ్‌కే 8 లేదా 10 గ్రేలు వేస్తాం, మొత్తం ఉన్నవే 5. ఇక్కడ సర్దుకోవడం ఉండదు.

ఇలా కొద్ది సిట్టింగ్‌లలో పెద్ద డోస్ గురిచూసి వెయ్యడాన్నే ఎస్‌బీఆర్‌టీ అంటారు. ఆలోచన పాతదే, స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1951లోనే మెదడు కోసం చెప్పాడు, పుర్రెకి ఫ్రేమ్ బిగిస్తే కదలదు కాబట్టి అక్కడ కుదిరింది. ఒంట్లో కదిలే గడ్డలకి దీన్ని తెచ్చింది కూడా అదే స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా హాస్పిటల్ వాళ్ళే, ఇంగ్మార్ లాక్స్ అనే ఫిజిసిస్టు, హెన్రిక్ బ్లోమ్‌గ్రెన్ అనే డాక్టరు కలిసి 1990ల మొదట్లో మనిషి మొత్తానికి సరిపడే ఫ్రేమ్ తయారుచేసి, పొట్టని నొక్కిపట్టి, 1995లో మొదటి 31 మంది పేషెంట్ల వివరాలు ప్రచురించారు. వాళ్ళ దగ్గర మాకున్న స్కానర్ లేదు, మెషిన్ మీదే సీటీ తీయడం అప్పటికింకా రాలేదు. ట్రీట్‌మెంట్ మెషిన్‌కే ఎక్స్‌రే ట్యూబూ, ఎదురుగా ఒక ఫ్లాట్ ప్యానెలూ తగిలించి పడుకున్నచోటే సీటీ తీసే పద్ధతిని డేవిడ్ జాఫ్రే బృందం 2002 ప్రాంతంలో చేసి చూపించింది. ఇప్పుడు ఎమ్మారైనే మెషిన్‌లో కలిపేసినవి కూడా వచ్చాయి, మొదటి పేషెంట్‌కి 2014లో అమెరికాలో వాడారు, 2017లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1.5 టెస్లా బలం ఉన్నదాన్ని మొదలుపెట్టారు. వాటిలో గడ్డ నేరుగా కనిపిస్తుంది, కిరణం పడుతుండగానే కనిపిస్తూ ఉంటుంది, ఆ రోజు పేగులు ఎక్కడున్నాయో చూసి ప్లాన్ అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. కాకపోతే చాలాసేపు పడుకోవాలి, అందరివల్లా కాదు.

ఇక ఊపిరి సంగతి. దీనికి దారులు చాలా ఉన్నాయి. ఊపిరి మొత్తాన్ని పది భాగాలుగా విడగొట్టి తీసే 4డీ సీటీతో గడ్డ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరుగుతుందో చూసి ఆ దారి మొత్తానికీ వెయ్యడం ఒకటి. బెల్టుతోనో ప్లేటుతోనో పొట్టని నొక్కి కదలికే తగ్గించడం ఒకటి. ఊపిరి ఒక స్థాయికి వచ్చినప్పుడు మాత్రమే కిరణం వెలిగేలా చెయ్యడం ఇంకోటి. నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఊపిరి ఆపించడం మీద, అదీ పీల్చి కాదు, వదిలేశాక. పీల్చేటప్పుడు ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ పీలుస్తాం, వదిలేటప్పుడు మాత్రం ఒంట్లో బిగువంతా పోయి లివర్ దాదాపు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి ఆగుతుంది.

ఈ పెద్దాయనకి అదే పెట్టాం. డెబ్భై దాటిన మనిషి, సిమ్యులేషన్ రోజున, అంటే ప్లానింగ్ స్కాన్ తీసే రోజున, ఊపిరి వదిలి ఆపమంటే భయపడిపోయారు. "ఖాళీగా ఎట్టా ఉంటానమ్మా, పోతానేమో" అన్నారు. నేను పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని "బాబాయ్ గారూ, బలవంతంగా ఊదొద్దు, బరువు దించుకున్నాక హమ్మయ్య అంటాం చూడండి, అట్టా వదిలేయండి, వదిలాక కాసేపు మర్చిపోండి అంతే" అని చెప్పి ఆయనతోపాటు నేనూ ఆపా. మొదట 6 సెకన్లు. తర్వాత 9. ఇంటికెళ్ళి ప్రాక్టీస్ చేయమన్నా. మొదటి సిట్టింగ్‌కి వచ్చేసరికి 16 సెకన్లు ఆపుతున్నారు, ఎలాగండీ అంటే, చేతులు తలపైన పెట్టుకుని పడుకోవాలి కదా, ఆ చేతి బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటారట. కన్సోల్ దగ్గర కెమెరాలో చూస్తే నిజంగానే బొటనవేలు ఒక్కో కణుపు మీదికీ నిదానంగా వెళ్తోంది, అది చిటికెన వేలి కిందికి దిగేసరికి మేము మైకులో "తీసుకోండి బాబాయ్ గారూ" అంటాం. ఊపిరి గీత కోసం నా ముందు గ్రాఫ్ ఉంది, అయినా నా కళ్ళు ఆ బొటనవేలి మీదికే పోయేవి.

మూడో రోజు ఏమైందంటే, స్కాన్ తీశాం, లివర్ ఆరు మిల్లీమీటర్లు పైకుంది. అది పెద్ద విషయం కాదు, బల్లని ఆ ఆరు మిల్లీమీటర్లు జరిపితే లివర్ సరిపోతుంది, జరిపాం, మళ్ళీ తీశాం, లివర్ బ్రహ్మాండంగా కలిసింది. కానీ ఆయన గడ్డ ఎడమ లోబ్‌లో, దాని పక్కనే జీర్ణాశయం. ప్లాన్‌లో ఆ పక్కన ఒక గీత ఉంటుంది, దాని లోపలికి జీర్ణాశయం రాకూడదు, ఎందుకంటే 5 సిట్టింగ్‌లు కలిపినా జీర్ణాశయానికి 30 గ్రేలు దాటకుండా చూసుకోవాలి, దాటితే పుండు పడొచ్చు, రక్తం పోవచ్చు, రంధ్రం కూడా పడొచ్చు. ఆ రోజు జీర్ణాశయం గాలితో బుడగలా ఉబ్బి, ఆ గీత దాటి వేలెడంత లోపలికి వచ్చేసింది. లివర్‌ని సరిపెడితే జీర్ణాశయం కాలుతుంది, దాన్ని తప్పిస్తే గడ్డ తప్పుతుంది. డాక్టర్‌ని పిలిచాం, ఆయనొచ్చి స్క్రీన్ వైపు ఒక నిమిషం చూసి దింపేయమన్నారు.

తర్వాత అడిగితే తెలిసింది, ఆ రోజు ఆలస్యమవుతుందేమో అన్న కంగారులో పెద్దాయన ఏమీ నమలకుండా గబగబా మింగేసి వచ్చారు, అదీ రెండు గంటల ముందే. మేము కనీసం 3 గంటల ముందు నుంచీ ఏమీ తినొద్దని చెప్తాం, చాలామంది ఇదేదో అనవసరపు నియమం అనుకుంటారు. అనవసరం కాదు, ప్లానింగ్ రోజున జీర్ణాశయం ఎంత ఉందో రోజూ అంతే ఉండాలి, అది పక్కింటి గోడ లాంటిది, గోడ జరిగితే మన ఇల్లు ఉన్నచోటే ఉన్నా దారి మూసుకుపోతుంది. కాసేపు నిలబెట్టి, వరండాలో అటూ ఇటూ నడిపించి, గంటన్నర ఆగి మళ్ళీ పడుకోబెట్టాం. గాలి పోయింది, జీర్ణాశయం గీత బయటికి వెళ్ళింది, లివర్ 2 మిల్లీమీటర్ల తేడాతో కూర్చుంది. మిగతా పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆ అబ్బాయికి రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టి చూపించా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, "అయితే దింపడమే మంచిదైంది" అన్నాడు.

ఇది ఎవరికి పనికొస్తుందో కూడా రెండు మాటలు. ఆపరేషన్ కుదిరితే ఆపరేషన్, మార్పిడికి తగిన కేసైతే మార్పిడి, చిన్న గడ్డ అయితే సూదితో కాల్చడం, వీటికి కుదరనివాళ్ళని, లేదా రక్తనాళం పక్కన ఉండి కాల్చడానికి వీల్లేని గడ్డల్ని ఎక్కువగా మా దగ్గరికి పంపుతారు. పెద్దపేగు క్యాన్సర్ లాంటివి లివర్‌కి పాకి ఒకటో రెండో మచ్చలు ఉన్నప్పుడూ చేస్తారు. గడ్డ ఎంతుందో చూసేముందు మిగతా లివర్ ఎలా ఉందో చూస్తారు, బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మతిమరుపులాంటి మగత, ఈ ఐదింటికీ మార్కులు వేసి ఏ, బీ, సీ అంటారు. ఏ అయితే నిబ్బరంగా చేస్తారు, బీ అయితే ఆచితూచి, సీ అయితే మామూలుగా చెయ్యరు. హెపటైటిస్ బీ ఉన్నవాళ్ళు వైరస్ మందు మానకూడదు, ట్రీట్‌మెంట్ టైమ్‌లో అది మళ్ళీ విజృంభించే ప్రమాదం ఉంది, దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. 2013లో మొదలైన ఆర్‌టీఓజీ 1112 అనే ట్రయల్‌లో, ఇతర దారులు మూసుకుపోయిన, ఎక్కువమందికి రక్తనాళాల్లోకి కూడా పాకిన కేసుల్లో, సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్ర ఒక్కటే వాడినవాళ్ళలో సగంమంది 12.3 నెలలకి మించి బతికితే, ముందు ఎస్‌బీఆర్‌టీ చేసి తర్వాత మాత్ర ఇచ్చినవాళ్ళలో అది 15.8 నెలలు. మూడున్నర నెలలేనా అనకండి, ఆ స్థితిలో ఉన్న మనిషికీ ఇంట్లోవాళ్ళకీ మూడున్నర నెలలంటే ఎంతో నాకు తెలుసు. మన ముందున్న మనిషి అంతకంటే చిన్న గడ్డతో, మంచి లివర్‌తో వచ్చుంటే లెక్క వేరేగా ఉంటుంది, అది మీ డాక్టరే చెప్పాలి.

నీరసం వస్తుంది, కొందరికి వికారం, కొందరికి ఆ వైపు పక్కటెముకల్లో నొప్పి, అది కొన్ని నెలల తర్వాత కూడా రావొచ్చు. జుట్టు రాలదు, ఒంట్లో కరెంటు మిగిలిపోదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. ఇవి రోజూ అడుగుతారు కాబట్టి రాస్తున్నా.

మూడు నెలల తర్వాత ఆ అబ్బాయి నుంచి మెసేజ్. రిపోర్ట్ ఫోటో, కింద "ఇంకా మెరుస్తూనే ఉందట మేడమ్, పని చెయ్యలేదా?" అని. చదువుతుంటే అతని గొంతు వినిపించినట్టే ఉంది. రేడియేషన్ తర్వాత గడ్డ వెంటనే మాయమవదు, చచ్చిపోయిన గడ్డ కూడా నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు, కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడు ఆ మెరుపు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా కూడా కనిపించొచ్చు, చుట్టూ ఉన్న లివర్ కూడా రంగు మారి గడ్డ పెరిగినట్టు అనిపించొచ్చు. సైజు పెరుగుతోందా, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్ష) ఎటు పోతోంది, వరసగా రెండు మూడు స్కాన్‌లు ఏం చెప్తున్నాయి, చూడాల్సింది అది. ఆయన రిపోర్ట్‌లో సైజు పెరగలేదు, ఏఎఫ్‌పీ తగ్గింది. డాక్టర్‌ని కలవకుండా ఏదీ నిర్ణయించుకోవద్దని, ఆయనకి ట్రీట్ చేసిన డాక్టరుకే ఆ స్కాన్ చూపించమని రాశా. చూపించారు, మూడు నెలలాగి మళ్ళీ స్కాన్ తీద్దామన్నారట.

చివర్లో ఇంకో మెసేజ్ పెట్టాడు. "నాన్న ఇంకా రోజూ పొద్దున్నే ఊపిరి వదిలి ఆపడం ప్రాక్టీస్ చేస్తున్నారు మేడమ్, మళ్ళీ పిలుస్తారేమో అని."

సిట్టింగ్‌లు అయిపోయాయి, ఇక అక్కర్లేదని చెప్పు అన్నా.

"చెప్పా మేడమ్. 20కి వచ్చిందట, మీకు చెప్పమన్నారు."